ఒక మాట, మూడు కేసు షీట్లు: క్యాజువాలిటీలో స్వీయహాని రోగుల పట్ల సిబ్బంది వైఖరిపై ఒక కేస్ స్టడీ

నా బల్ల మీద మూడు కేసు షీట్లు ఉన్నాయి. మూడూ 24 ఏళ్ల ఒకే వివాహితవి. ఏడు నెలల వ్యవధిలో ఆమె మూడుసార్లు మా క్యాజువాలిటీకి వచ్చింది. మొదటి షీటు మీద మామూలు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయవలసిన కేసు) ముద్ర తప్ప ప్రత్యేకంగా ఏమీ లేదు. రెండో షీటు మొదటి పేజీలో, పేరు పక్కనే, ఎవరో హౌస్ సర్జన్ 'రిపీట్ కేస్, అటెన్షన్ సీకింగ్' అని రాశారు, అంటే మళ్లీ వచ్చిన కేసు, అందరి దృష్టీ తన మీద పడాలని చేస్తోంది అని. మూడో షీటులో అదే మాట మళ్లీ కనిపిస్తుంది. అయితే ఈసారి రాసినవారు ఆమె నాడి చూడకముందే ఆ మాట రాశారని షీటులోని సమయాలే చెబుతున్నాయి. ఆ మాట ఒక షీటు నుంచి మరో షీటుకు ఎలా నడిచిందో, నడిచే క్రమంలో చికిత్సను ఏం చేసిందో చెప్పడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని. రోగిని గుర్తించే వీలు లేకుండా వయసు, కుటుంబం, కాలం వంటి వివరాలను మార్చాను. ఆమె తనకు తాను ఏ విధంగా, ఎంత హాని చేసుకున్నదన్న వివరాన్ని కావాలనే వదిలేశాను. ఈ చర్చకు అది అవసరం లేదు, చదివేవారిలో ఎవరికైనా అది చేటు చేయవచ్చు కూడా.

ఆమె భర్త గల్ఫ్‌లో కూలిపనికి వెళ్లి రెండేళ్లయింది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆమె అత్తమామలతో కలిసి పల్లెలో ఉంటూ బీడీలు చుడుతుంది. ఒకసారి గర్భం పోయింది. ఈ నాలుగు వాక్యాలూ మాకు మూడో అడ్మిషన్‌లో తెలిశాయి. మొదటి రెండు షీట్లలో 'కుటుంబ కలహాలు' అని రెండే మాటలున్నాయి, అవి కూడా మామగారు చెప్పినవి.

మొదటిసారి ఆమెను తెచ్చింది 2023 ఎండాకాలంలో, అర్ధరాత్రి దాటాక. ఇంట్లో ఉన్న మాత్రలు మింగింది. 'పొరపాటున వేసుకుంది సార్' అని అత్తమామలు చెప్పారు. ఆ పూట క్యాజువాలిటీలో ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరు హౌస్ సర్జన్లు, ఇద్దరు స్టాఫ్ నర్సులు ఉన్నారు. అరగంట ముందే రోడ్డు ప్రమాదంలో గాయపడిన నలుగురు ఒకేసారి వచ్చారు. ఆమె స్ట్రెచర్ తలుపు పక్కనే ఆగిపోయింది. అక్కడే అందరి ముందూ ఆమెకు స్టమక్ వాష్ చేశారు, అంటే నోట్లోంచి పైపు వేసి కడుపు కడిగారు. చేస్తున్నప్పుడు సీనియర్ స్టాఫ్ నర్సు అన్న మాటను ఆ రాత్రి అక్కడున్న ఎంఎన్‌ఓ (నర్సులకు సాయపడే వార్డు ఉద్యోగి) నాకు తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు: 'సచ్చేటోళ్లు దవాఖానకొస్తరా? మా పానం తీయనీకి గాకపోతే.' హౌస్ సర్జన్ నవ్వుతూ 'పెద్ద పైపు ఎయ్యండి సిస్టర్, మల్లొకసారి మింగకుండా గుర్తుండాలె' అన్నాడట.

ఇక్కడ కాస్త ఆగాలి. స్టమక్ వాష్‌ను మామూలు పద్ధతిగా చేయకూడదని అమెరికా, ఐరోపా విషవైద్య సంఘాలు 1997 నుంచి ఉమ్మడిగా చెబుతూ వస్తున్నాయి. 2004లో, 2013లో అదే అభిప్రాయాన్ని మళ్లీ ప్రకటించాయి. దానివల్ల కలిగే మేలుకు ఆధారాలు బలహీనం, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోవడం వంటి ప్రమాదాలు మాత్రం నిజం. ఆమె మింగిన మాత్రలు, గడిచిన సమయం, స్పృహ స్థితి చూస్తే ఆ రాత్రి అది అవసరం లేదనే మా జనరల్ మెడిసిన్ సహచరులూ తర్వాత ఒప్పుకున్నారు. అయినా ఎందుకు చేశారన్న ప్రశ్నకు నిజాయితీగా వచ్చే జవాబు ఒక్కటే: పాయిజన్ కేసు అంటే పైపు వేయాలన్న అలవాటు సగం, ఆమెకు బుద్ధి రావాలన్న కోరిక సగం. ఈ రెండో సగం ఏ కేసు షీటులోనూ రాయబడదు. కానీ మన క్యాజువాలిటీల్లో పనిచేసినవారెవరికీ అది కొత్త సంగతి కాదు.

తెల్లవారాక ఔట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చి అత్తగారి ఎదుటే వాంగ్మూలం తీసుకున్నాడు. ఆమె 'పొరపాటున' అనే చెప్పింది. రెండో రోజు సాయంత్రం డిశ్చార్జ్ అయింది. మానసిక వైద్య విభాగానికి రిఫర్ చేయలేదు.

రెండోసారి మూడున్నర నెలల తర్వాత, ముంజేతి మీద గాయాలతో వచ్చింది. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ పాత ఓపీ చీటీ చూసి ఇందాక చెప్పిన ఆ మాట రాశాడు. కుట్లు వేసేటప్పుడు మత్తు సూది వేశారా లేదా అన్నది షీటులో లేదు; ఆమె మాత్రం సరిగా వేయలేదనే చెప్పింది. తనను తాను గాయపరచుకున్నవారికి నొప్పి తెలియదనో, తెలిసినా తప్పులేదనో ఒక మూఢనమ్మకం దేశదేశాల్లో ఉన్నట్టుంది. బ్రిటన్‌లో 2004లో వెలువడిన జాతీయ మార్గదర్శకం, ఇటువంటి గాయాలకు కుట్లు వేసేటప్పుడు తగినంత మత్తు ఇవ్వాలని ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే, అక్కడ కూడా ఇవ్వని సందర్భాలు ఉన్నట్టే కదా.

ఈసారి నాకు రిఫర్ చేశారు. కాబట్టి ఇప్పుడు చెప్పవలసింది నా సంగతి. ఓపీ ముగిశాక, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లి, వార్డులో మంచం పక్కన నిలబడి, పది నిమిషాలు మాట్లాడాను. అత్తగారు మంచం చివరనే కూర్చుని ఉంది. నేను ఆమెను బయటికి పంపలేదు. అడిగిన ప్రతి ప్రశ్నకూ రోగి తల అడ్డంగా ఊపింది, జవాబులు అత్తగారు చెప్పింది. 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. కౌన్సెలింగ్ ఇచ్చాం. వారం తర్వాత ఓపీకి రావాలి' అని రాసి సంతకం పెట్టాను. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటే ఏదైనా ఒత్తిడికి సర్దుకోలేక కలిగే మానసిక ఇబ్బంది. 'కౌన్సెలింగ్ ఇచ్చాం' అన్న ఆ మాట ఎంత హాయిగా కలం నుంచి జారుతుందో మానసిక వైద్యులందరికీ తెలుసు. హౌస్ సర్జన్ రాసిన 'అటెన్షన్ సీకింగ్' అనే మాటను నేను కొట్టివేయలేదు, దాని కింద గీత గీసి ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. మానసిక వైద్యుడు చూసి ఊరుకున్నాడు కాబట్టి తర్వాత చదివినవారికి అది రోగనిర్ధారణలా కనిపించి ఉంటుంది.

మూడోసారి ఆమె ఆసుపత్రికి చేరేసరికి దాదాపు పదకొండు గంటలు గడిచాయి. రాత్రంతా ఎవరికీ చెప్పలేదు. పొద్దున బాధ ఓర్చుకోలేక అత్తకు చెబితే, పోలీసులు వస్తారన్న భయంతో ఇంట్లోవాళ్లు ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్లి సెలైన్ పెట్టించారు. మధ్యాహ్నం స్పృహ తప్పుతుంటే 108లో మా దగ్గరకు తెచ్చారు. షీటు మీద ఆ మాట మరోసారి పడింది. రక్తపరీక్షల నమూనా తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఐదు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది.

ఆరో రోజు అత్తను బయటికి పంపి, కుర్చీ వేసుకుని కూర్చుని, ఎందుకు చేసుకున్నావని అడగకుండా, ఆ రాత్రి ఎందుకు ఎవరికీ చెప్పలేదని అడిగాను. చాలాసేపటికి చెప్పింది: 'మల్ల గా పైపే ఏస్తరు, మల్ల గట్లనే నవ్వుతరు అనిపించింది సార్. గాళ్లు నవ్వుడు కంటే కడుపుల నొప్పే నయమనుకున్న.'

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబులోనే ఉంది. సిబ్బంది వైఖరిని మనం మర్యాద కిందో, మానవత్వం కిందో లెక్కవేసి, సమయం ఉన్నప్పుడు చూసుకునే విషయంగా పక్కన పెడతాం. ఈ కేసులో అది నేరుగా చికిత్స ఫలితాన్ని మార్చింది: మొదటిసారి అవసరం లేని ప్రక్రియగా, రెండోసారి ఎవరూ అడిగి తెలుసుకోని ఆమె గతంగా, మూడోసారి పదకొండు గంటల ఆలస్యంగా. 1994లో బ్రిటన్ మనోవైద్యులు వాట్స్, మోర్గాన్ ఇటువంటి స్థితిని ఒక పేరుతో వివరించారు. రోగి మీద సిబ్బందికి క్రమంగా సానుభూతి ఇంకిపోయి, ఆమె ప్రవర్తన అంతా రెచ్చగొట్టేదిగానో అసమంజసంగానో కనిపించడం మొదలై, చివరికి ఆ దూరమే ప్రాణాంతకమయ్యే పరిస్థితిని వారు 'మాలిగ్నెంట్ ఏలియనేషన్' అన్నారు. తెలుగులో దాన్ని 'ప్రాణం మీదికి తెచ్చే పరాయితనం' అనవచ్చు.

మూడో అడ్మిషన్ తర్వాత, సూపరింటెండెంట్ అనుమతితో, ఆ మూడు పూటలా డ్యూటీలో ఉన్నవారిలో దొరికినవారిని ఒకచోట కూర్చోబెట్టాము. విచారణ కాదని ముందే చెప్పినా మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత 'అటెన్షన్ సీకింగ్' అని మొదట రాసిన హౌస్ సర్జన్ కాస్త కోపంగానే మాట్లాడాడు. ఆ రాత్రి తాను ఆమెకు కుట్లు వేస్తుండగా పక్క మంచం మీద గుండెపోటు రోగికి ఈసీజీ తీసేవారు లేరని, బతకాలనుకునే మనిషి ఎదురుచూస్తుంటే వద్దనుకున్న మనిషికి చాకిరీ చేయడం ఎలా ఉంటుందో ఓపీలో కూర్చునేవాళ్లకు తెలియదని అన్నాడు. నాకు అతని మాటలో సగం ఇప్పటికీ న్యాయంగానే తోస్తుంది. మనుషులు చాలని చోట కరుణ కూడా రేషన్ సరుకే అవుతుంది. కానీ మిగతా సగంలో తప్పుంది: ఆమె బతకడం వద్దనుకున్నదని అతను ఎలా నిర్ణయించాడు? అదే నోటితో, చావాలనుకునేవాళ్లు ఆసుపత్రికి రారని కూడా అన్నాం కదా. చావాలనుకుంటే మన సమయం వృథా, చావాలనుకోకపోతే నాటకం. ఈ లెక్కలో రోగి ఎటు నిలబడినా దోషే. స్వీయహాని చేసుకునేవారిలో ఎక్కువమందికి ఆ క్షణంలో రెండు కోరికలూ కలగలిసే ఉంటాయి. పైగా తాము చేసింది ఎంత ప్రమాదకరమో వారికి తెలియకపోవచ్చు కాబట్టి, గాయం చిన్నదైతే బాధ చిన్నదని అనుకోవడానికి వీల్లేదు.

సీనియర్ స్టాఫ్ నర్సు చెప్పిన కారణం వేరు. ఎంఎల్‌సీ అంటే ఆమెకు భయం. ఎప్పుడో పదేళ్ల కిందట ఒక పాయిజన్ కేసులో సాక్ష్యానికి కోర్టుకు నాలుగుసార్లు తిరగవలసి వచ్చిందట, బంధువులు వార్డు అద్దాలు పగలగొట్టిన మరో రాత్రి కూడా ఆమెకు గుర్తుంది. 'గీ కేసులు రాంగనే నాకు చేతులు వణుకుతయ్ సార్, గది కోపమై బయటికొస్తది' అంది. ఇంత నిక్కచ్చిగా తనను తాను చూసుకున్న మాట ఆ రోజు ఇంకెవరి నోటా రాలేదు, నా నోటితో సహా.

ఇది మా ఆసుపత్రికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. 2012లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలను సమీక్షించి, సాధారణ ఆసుపత్రుల సిబ్బందిలో, ముఖ్యంగా డాక్టర్లలో, ఇటువంటి రోగుల పట్ల చిరాకు, కోపం, నిస్సహాయత ఎక్కువని, మళ్లీ మళ్లీ వచ్చేవారి విషయంలో అది మరీ ఎక్కువని తేల్చారు. శిక్షణతో వైఖరి మెరుగుపడుతుందని కూడా అందులో ఉంది. మళ్లీ వచ్చేవారిని తేలిగ్గా తీసుకోవడం అంకెల ప్రకారం కూడా తప్పు. స్వీయహానితో ఆసుపత్రికి వచ్చినవారిలో దాదాపు 25 మందిలో ఒకరు ఐదేళ్లలోపు ఆత్మహత్యతో మరణిస్తున్నారని 2014లో వచ్చిన మరో సమీక్ష చెప్పింది. ముందు జరిగిన ప్రయత్నమే తర్వాతి మరణానికి అతిపెద్ద హెచ్చరిక. అంటే 'రిపీట్ కేస్' అన్న మాట షీటు మీద ఉండవలసిందే, కాకపోతే అది గుండెపోటు రోగి షీటు మీద 'గతంలో కూడా గుండెపోటు' అని రాసినట్టు ఉండాలి.

చట్టం గురించిన అపోహ కూడా ఈ వైఖరిని పెంచి పోషిస్తున్నది. ఆ సమావేశంలో ఉన్నవారిలో ఎక్కువమంది ఆత్మహత్యాయత్నం శిక్షార్హమైన నేరమనే అనుకుంటున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. దాని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి, వేరుగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. మళ్లీ అటువంటి పరిస్థితి రాకుండా సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికో విధులకు అడ్డుపడడానికో చేసే యత్నం మాత్రమే 226వ సెక్షన్ కింద నేరంగా మిగిలింది. ఎంఎల్‌సీ రాయడం ఇప్పటికీ మానలేము, ఎందుకంటే ఇందులో మరొకరి చేయి ఉండవచ్చు. అది రోగికి రక్షణగా రాసే కాగితం. ఈ సంగతిని ఇంట్లోవాళ్లకు మొదటి రాత్రే ఎవరైనా చెప్పి ఉంటే, 'పొరపాటున' అన్న అబద్ధం, ఆర్‌ఎంపీ దగ్గర పోయిన గంటలు రెండూ తప్పి ఉండేవేమోనని నా ఊహ.

ఆ సమావేశం తర్వాత మేం చేసినవి చిన్న పనులు. షీటు మీద ఉద్దేశాన్ని ఊహించే మాటలు రాయకూడదని, ఏం జరిగింది, ఎప్పుడు, రోగి తన మాటల్లో ఏం చెప్పింది అన్నవి మాత్రమే రాయాలని అనుకున్నాం. స్టమక్ వాష్ చేస్తే ఎందుకు చేశారో డ్యూటీ డాక్టరు కారణం, సమయం రాసి సంతకం పెట్టాలి. ఈ ఒక్క నిబంధనతోనే చాలా పైపులు ఆగిపోయాయి, కారణం రాయవలసి వచ్చినప్పుడు చాలామందికి కారణం దొరకలేదు. బంధువులను బయటికి పంపి కనీసం ఒకసారైనా రోగితో విడిగా మాట్లాడాలి. గోడకు అంటించిన పోస్టర్ మాత్రం దండగ, రెండో వారానికి దాని మీద రక్తనిధి వారి నోటీసు అంటించారు. హౌస్ సర్జన్లు పోస్టింగులు మారుతూనే ఉంటారు కాబట్టి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది, కొన్నిసార్లు చెప్పడం తప్పిపోతుంది, అప్పుడు పాత మాట మళ్లీ షీటెక్కుతుంది.

రోగి విషయానికి వస్తే, విడిగా అడిగిన తర్వాత ఆమె మూడు రోజుల పాటు విడతలు విడతలుగా చెప్పింది. గర్భం పోయినప్పటి నుంచి నిద్ర లేదు, ఆకలి లేదు. భర్త ఫోన్ మామ సెల్లుకే వస్తుంది, స్పీకర్ పెట్టి అందరి ముందూ మాట్లాడాలి. అప్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లో కాలు పెట్టిన వేళ మంచిది కాదని మాటలు పడుతుంది. చేయి కూడా లేచింది. నేను రెండోసారి రాసిన అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ కాదు, అది తీవ్రమైన డిప్రెషన్. మందులు మొదలుపెట్టాం, వారానికి సరిపడా మాత్రమే ఇస్తూ వాటిని తల్లి దగ్గర ఉంచాం. జిల్లా కేంద్రంలోని హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రం వివరాలు, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చాం. ఆ ఆలోచన మళ్లీ వస్తే మొదట ఏం చేయాలి, ఎవరి దగ్గరకు వెళ్లాలి అన్నది ఆమె మాటల్లోనే కాగితం మీద రాశాం. అందులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఉంది. డిశ్చార్జ్ తర్వాత ఆమె పుట్టింటికి వెళ్లింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో కలిపి ఐదు దేశాల్లో ఐదుచోట్ల జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రి వదిలేముందు ఒక గంట మాటలు, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరింపు అందుకున్నవారిలో ఆత్మహత్యా మరణాలు 0.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 2.2 శాతం. ఆ పలకరింపును మేమూ చేయాలనుకున్నప్పుడు ఫోన్ ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆశా కార్యకర్త ద్వారా వద్దని, ఊరంతా తెలుస్తుందని రోగి ముందే చెప్పింది. తాను చేస్తానని ముందుకొచ్చినది, చేతులు వణుకుతాయని చెప్పిన ఆ సీనియర్ నర్సే. మొదటి మాటలో క్షమాపణ చెప్పాలా అని నన్ను అడిగింది. నీకెలా తోస్తే అలా అన్నాను. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. తల్లి ఫోన్‌కు చేసేది. కొన్నిసార్లు ఎత్తేవారు కాదు. ఓపీకి కూడా ఆమె నాలుగుసార్లు వచ్చి ఒకసారి మానేసింది, మళ్లీ వచ్చింది.

ఐదో నెలలో ఒక రాత్రి పదకొండున్నరకు ఆమె తమ్ముడి బండి మీద క్యాజువాలిటీకి వచ్చింది. ఒంటి మీద గాయం లేదు, ఏమీ మింగలేదు. కౌంటర్ దగ్గర ఏం తక్లీఫ్ అని అడిగితే, 'ఏం జేసుకోలే. చేసుకోబుద్ధయితుంది. సిస్టర్ ఉన్నదా?' అని అడిగిందట. సిస్టర్ ఆ రాత్రి డ్యూటీలోనే ఉంది. నాకు ఫోన్ వచ్చింది, వెళ్లాను, తెల్లవారేదాకా అబ్జర్వేషన్‌లో ఉంచాం. కౌంటర్‌లోని డేటా ఎంట్రీ కుర్రాడు మాత్రం చాలాసేపు ఇబ్బంది పడ్డాడు. స్వీయహాని చేసుకుని వచ్చినవారిని నమోదు చేయడానికి కంప్యూటర్‌లో వరస ఉంది, చేసుకోకముందే వచ్చినవారికి లేదు. చివరికి ఆమె ఓపీ చీటీ మీద 'జనరల్ వీక్‌నెస్' అని ముద్రించి ఇచ్చాడు.